గర్భస్రావం మాత్రలు నా క్లినిక్‌లో ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను ఎంబీబీఎస్ చేశాను. మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్ళయ్యాక ఇటు ఒడిశా వచ్చి, గుణుపూర్‌కి దగ్గర్లో ఒక ఊళ్ళో మూడేళ్ళుగా క్లినిక్ నడుపుతున్నాను. జ్వరాలు, షుగర్, బీపీ, గర్భిణుల చెకప్‌లు అన్నీ చూస్తాను. పక్కనే మా మామగారి మందుల షాపు. నెలకి నలుగురైదుగురు ఆడవాళ్ళు నెల తప్పిందని వచ్చి, ఈ కడుపు వద్దు, మాత్రలిమ్మని అడుగుతారు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండ దిగొచ్చే సవర వాళ్ళు, అందరూ ఉంటారు. నాకు భయం వేసి ‘పార్వతీపురమో, బరంపురమో వెళ్ళండమ్మా’ అని పంపేస్తున్నాను. పోయిన నెల అలా పంపిన ఒకామె ఎక్కడికీ వెళ్ళలేదు. ఏదో షాపులో ఆ మాత్రల కిట్ కొని మింగింది. పద్దెనిమిది రోజులు రక్తం పోయాక నా దగ్గరికి తెచ్చారు. హిమోగ్లోబిన్ 5. పెద్దాసుపత్రికి పంపితే రక్తం ఎక్కించారు, బతికింది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాలాంటి మామూలు డాక్టరు ఈ మాత్రలు ఇవ్వొచ్చా? చట్టం ఏమంటుంది? ఏదైనా తేడా వస్తే ఎలా? మా అత్తగారు ‘కడుపులు తీసే డాక్టరమ్మ అని పేరు పడుతుంది’ అంటున్నారు. మామగారేమో ‘షాపులో కిట్లు ఉన్నాయి కదా, చీటీ రాసి పంపితే చాలు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: డాక్టరమ్మా, మీ ఉత్తరంలో ‘ఎక్కడికీ వెళ్ళలేదు’ అన్న ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నేనూ ఒకామెను అలాగే పంపించాను.

1990ల చివర్లో మాట. రాయగడ వైపు నేను ప్రాక్టీసు పెట్టిన కొత్త. ఈ మాత్రలు మన దేశంలోకి ఇంకా రాలేదు. నలుగురు పిల్లల తల్లి ఒకామె వచ్చి, ఐదో కాన్పు నా వల్ల కాదమ్మా అంది. విశాఖపట్నం వెళ్ళమని చీటీ రాసిచ్చాను. రైలు ఛార్జీ ఎక్కడిది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, నలుగురు పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇవేవీ అడగలేదు. పది రోజులకి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తెచ్చారు. ఎవరో లోపల పుల్ల పెట్టారు. చీము పట్టింది. ప్రాణం దక్కింది గానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. నేను రాసిన చీటీ ఆమె కొంగు ముడిలో అలాగే ఉంది. ఆ చీటీ ఈ రోజుకీ నా కళ్ళ ముందు ఉంటుంది.

అందుకే మీ మొదటి ప్రశ్నకి జవాబు నేను నాన్చను. ఇవ్వొచ్చు. చట్టం మిమ్మల్ని ఆపడం లేదు, కొన్ని షరతులు పెడుతోంది అంతే. ఆ షరతులు పూర్తి చేసుకుని మీరు ఇవ్వాలనే నా అభిప్రాయం. ఇది పెద్దాసుపత్రుల్లో స్పెషలిస్టులు మాత్రమే చేయాల్సిన పని అన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. తొమ్మిది వారాల లోపు, సరిగ్గా ఎంచుకున్న మనిషికి, సరిగ్గా చెప్పి ఇస్తే, బీపీ, షుగరు చూసే ఫ్యామిలీ డాక్టరు చేతికి ఇది అందని పని కాదు. ఆమె రక్తహీనత సంగతి మీకు తెలుసు. ఆమె చిన్నపిల్లాడికి టీకా మీరే వేశారు. మొగుడు తాగి వస్తాడా లేదా అన్నది కూడా మీకు తెలుసు. ఎక్కడో నగరంలో ఒక్కసారి చూసే డాక్టరుకి ఇవన్నీ తెలిసే వీలు లేదు.

పైగా, మీరు ఇవ్వనంటే ఆ మాత్రలు ఊళ్ళోకి రాకుండా ఆగిపోతాయా? 2015లో మన దేశంలో జరిగిన గర్భస్రావాల మీద 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ ఏడాది మొత్తం 1 కోటి 56 లక్షలని అంచనా వేశారు. అందులో సుమారు 1 కోటి 15 లక్షలు, అంటే నూటికి 73, ఏ ఆసుపత్రికీ సంబంధం లేకుండా మాత్రలతో అయినవే. మీ దగ్గర్నుంచి తిరిగి వెళ్ళిన ఆమె ఆ 73 మందిలో ఒకరు. మందు చెడ్డది కాదు. మంచి మందే. ఫ్రాన్సు 1988లో అనుమతిచ్చింది, మన దగ్గరికి 2002లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో 2005 నుంచి ఉంది. లోపమంతా ఆ మందుతో పాటు ఉండాల్సిన మనిషి లేకపోవడమే.

ఇక చట్టం. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. ఆ సవరణ అదే ఏడాది సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చింది. 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. కానీ ఆ డాక్టరు ‘రిజిస్టర్డ్’ అయితే సరిపోదు, ప్రసూతి విభాగంలో నిర్ణీత అనుభవం ఉండాలి. మాత్రలతో తొమ్మిది వారాల వరకు చేయాలంటే 2021 నియమాలు మీలాంటి వాళ్ళకి రెండు దారులు చూపించాయి. ఏదైనా ఆసుపత్రిలో ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగంలో కనీసం మూడు నెలల అనుభవం ఒకటి. లేదా ప్రభుత్వాసుపత్రిలో గానీ, ప్రభుత్వం ఆమోదించిన శిక్షణ కేంద్రంలో గానీ అర్హత ఉన్న డాక్టరు పర్యవేక్షణలో పది కేసులు మీరే స్వయంగా చేసి ఉండటం రెండోది. హౌస్ సర్జెన్సీలో ప్రసూతి వార్డులో తిరిగిన వారాలు దీనికి సరిపోతాయని అనుకోకండి. నన్నడిగితే మీకు మూడు నెలల అనుభవం కాగితం ఉన్నా సరే, ఆ పది కేసులూ చేయండి. పదో కేసుకి వచ్చేసరికి ఎంత రక్తం మామూలు, ఎంత రక్తం మామూలు కాదు అన్నది మీ కంటికి అలవాటవుతుంది. పుస్తకం ఆ అలవాటు ఇవ్వదు. మీ చదువు ఆంధ్రాలో అయింది కాబట్టి, ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్‌లో నమోదు సంగతి కూడా ముందే చక్కబెట్టుకోండి. సరిహద్దులో చాలామంది దీన్ని వాయిదా వేస్తారు.

రెండో షరతు చోటు. మామూలుగా గర్భస్రావం ప్రభుత్వాసుపత్రిలోనో, జిల్లా కమిటీ అనుమతి ఉన్న చోటో మాత్రమే చేయాలి. తొమ్మిది వారాల లోపు మాత్రల విషయంలో చిన్న వెసులుబాటు ఉంది. మీ క్లినిక్‌కి విడిగా అనుమతి లేకపోయినా, అవసరమైతే పంపడానికి అనుమతి ఉన్న ఒక చోటుతో మీకు ఏర్పాటు ఉంటే, మీ క్లినిక్‌లోనే రాసివ్వొచ్చు. ఆ చోటు యజమాని ఇచ్చిన ధృవపత్రం మీ గోడ మీద కనపడేలా ఉండాలి. మీ దగ్గరైతే గుణుపూర్ సబ్‌డివిజనల్ ఆసుపత్రి ఉంది, అనుమతి ఉన్న నర్సింగ్ హోమ్ ఏదైనా ఉంటే అదీ సరే. ధృవపత్రం ఫ్రేము కట్టించి ఊరుకోకండి. రాత్రి పదకొండు గంటలకి రక్తం ఆగని మనిషిని మీరు పంపితే అక్కడ ఎవరు తలుపు తీస్తారు, లోపల మిగిలింది తీసే డాక్టరు రాత్రిపూట ఉంటారా, రక్తం ఎక్కడ దొరుకుతుంది, 108 మీ ఊరికి రావడానికి ఎంతసేపు, వానాకాలంలో ఏ వాగు దగ్గర ఆగిపోతుంది, ఇవన్నీ ఒకసారి స్వయంగా వెళ్ళి కనుక్కోండి. అక్కడి సిస్టర్ల పేర్లు, నంబర్లు తెలిసుండాలి. పార్వతీపురం మనకి దగ్గరగా అనిపిస్తుంది, భాష కూడా మనదే. కానీ రాష్ట్రం దాటగానే అంబులెన్సు, కాగితాలు అన్నీ వేరు. వెనకాల ఆసరా మాత్రం ఒడిశా వైపే పెట్టుకోండి.

ఈ షరతులు లేకుండా చేస్తే ఏమవుతుందో కూడా తెలిసుండాలి. అర్హత లేనివాళ్ళు చేసినా, అనుమతి లేని చోట చేసినా 2 నుంచి 7 ఏళ్ళ కఠిన శిక్ష. షరతులు పాటించి, మంచి ఉద్దేశంతో చేసిన డాక్టరుకి అదే చట్టం రక్షణ ఇస్తుంది. మీకు పట్టిన భయంలో సగం, రెంటికీ తేడా తెలియకపోవడం వల్ల వచ్చిందే. మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా వైపు ప్రాక్టీసు చేసే మన తెలుగు డాక్టర్లకీ ఇదే వర్తిస్తుంది, ఇది కేంద్ర చట్టం.

సంతకం ఎవరిది? పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి అయితే ఆమెది మాత్రమే. భర్తది అక్కర్లేదు, అత్తగారిది అసలే అక్కర్లేదు. దీన్ని మీ నర్సుకి కూడా గట్టిగా చెప్పండి, ఎందుకంటే ‘మీ ఆయన్ని తీసుకురా’ అని గుమ్మం దగ్గరే అనేసేది వాళ్ళే. పెళ్ళి కాని అమ్మాయి వస్తే? 2021 సవరణ ‘భర్త’ అన్న మాట తీసి ‘భాగస్వామి’ అని పెట్టింది. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భమైతే పెళ్ళయిందా లేదా అన్న తేడా లేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు కూడా పెళ్ళి కాని వాళ్ళని వేరుగా చూడకూడదని తేల్చి చెప్పింది. పద్దెనిమిది నిండని పిల్లలైతే వేరే సంగతి. సంరక్షకుల సంతకం కావాలి, పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకునే పోక్సో చట్టం కింద పోలీసులకి తెలపాలి. పదిహేడేళ్ళకే పెళ్ళి చేసి పంపిన పిల్లలు మన కొండ ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళకీ ఇదే. అయితే ఆ పిల్లా, సంరక్షకులూ కోరితే, తెలిపేటప్పుడు పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. ఇలాంటి కేసుల్ని మొదట్లో మీరొక్కరే మోయకండి. ప్రభుత్వాసుపత్రి డాక్టరుతో మాట్లాడి, పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళండి.

కాగితాలు విసుగనిపిస్తాయి గానీ రేపు మిమ్మల్ని కాపాడేవి అవే. మీ అభిప్రాయం రాసే ఫారం ఒకటి, ఆమె సమ్మతి ఫారం సి, నెలనెలా పంపాల్సిన లెక్క, ఐదేళ్ళు దాచాల్సిన రిజిస్టరు. ఆ రిజిస్టరు రహస్య పత్రం. బీరువాలో తాళం వేసి ఉంచాలి. మిగతా కాగితాల మీద ఆమె పేరు బదులు వరుస నంబరు, సంవత్సరం వేయాలి. ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది వరకు జైలు పడొచ్చు. మీ టోకెన్ పుస్తకంలో, కాంపౌండరు నోట్లో కూడా ఈ మాట వినపడకుండా చూసుకోండి. చిన్న ఊళ్ళో వెయిటింగ్ బెంచీ మీద కూర్చున్న నలుగురికి తెలిస్తే, సాయంత్రానికి సంత మొత్తానికీ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని. నా దృష్టిలో ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. చివరి ముట్టు మొదలైన రోజు నుంచి 63 రోజులు దాటకూడదు. ‘రెండు నెలలైంది’ అన్న మాటని నమ్మి కిట్ ఇవ్వకండి. మన వాళ్ళలో క్యాలెండరు చూసి గుర్తు పెట్టుకునేవాళ్ళు తక్కువ. నేను పండగలతో పట్టుకునేదాన్ని. సంక్రాంతికి ముందా తర్వాతా? మజ్జి గౌరమ్మ పండక్కి తలారా పోసుకుని గుడికి వెళ్ళావా, బయట ఉన్నావా? గుణుపూర్ రథయాత్రకి? తర్వాత సంతల లెక్క. ‘ఆ తర్వాత ఎన్ని సంతలైంది’ అంటే ఠక్కున చెప్తారు, ఎందుకంటే సంత వారానికోసారి. పరీక్ష చేసినప్పుడు గర్భసంచి సైజు ఆమె చెప్పిన తేదీతో కలవాలి. కలవకపోతే, తేదీ అసలు తెలియకపోతే, పాలిచ్చే తల్లి ముట్టు రాకుండానే మళ్ళీ గర్భం దాల్చి ఉంటే, స్కానింగ్ చేయించండి. ప్రతి ఒక్కరికీ స్కానింగ్ ఉండాలని చట్టం ఏమీ అనలేదు. కానీ అనుమానం ఉన్నచోట ఒక్కరోజు ఆగడంలో నష్టం లేదు.

రెండోది, గర్భం గర్భసంచిలోనే ఉందా? నూటికి ఒకటి రెండు గర్భాలు ట్యూబులో పెరుగుతాయి. ఈ మాత్రలు దానికి పనిచేయవు. రక్తం కనపడగానే అయిపోయిందనుకుని ఇంట్లో ఉంటుంది, లోపల ట్యూబు పగులుతుంది. ఒక పక్కనే నొప్పి, కళ్ళు తిరగడం, ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చి ఉండటం, కాపర్ టీ ఉండగానే నెల తప్పడం, వీటిని వదలకండి. ఇంకొకటి మరీ ముఖ్యం. మన వైపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చాలామంది. ఆపరేషన్ అయ్యాక కూడా నెల తప్పితే, స్కాన్‌లో గర్భం గర్భసంచిలో ఉందని కనపడేదాకా ట్యూబులో ఉందనే అనుకోండి.

మూడోది రక్తం. మాత్ర ఇచ్చే ముందు హిమోగ్లోబిన్ చూడటం తప్పనిసరిగా పెట్టుకోండి. 8 కంటే తక్కువ ఉంటే మీ క్లినిక్‌లో వద్దు, రక్తం ఎక్కించే వీలున్న ఆసుపత్రికి పంపండి. అక్కడ వాక్యూమ్ పద్ధతిలో, అంటే గొట్టంతో పీల్చి తీస్తే రక్తం తక్కువ పోతుంది. కొండ ఊళ్ళలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్నవాళ్ళు తగులుతారు. ‘ఎప్పుడూ కీళ్ళ నొప్పులు, చిన్నప్పుడు కామెర్లు’ అన్న మాట వింటే ఆ పరీక్ష చేయించండి. సికిల్ జబ్బు ఉన్నవాళ్ళు నొప్పికి, నీరు తగ్గిపోవడానికి తట్టుకోలేరు. వాళ్ళకి ఆసుపత్రే మంచిది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళకి, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళకి, అడ్రినల్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్ళకి కిట్ ఇవ్వకూడదు. మన చుట్టుపక్కల ఆయాసానికో, కీళ్ళ నొప్పులకో ‘తెల్ల మాత్ర’ పేరుతో స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు కనపడతారు, అడిగితే గానీ చెప్పరు. సిజేరియన్ అయిందని మాత్రం భయపడక్కర్లేదు. బిడ్డకి పాలివ్వడం కూడా ఆపక్కర్లేదు.

మాత్రల పద్ధతి మీకు తెలిసిందే. మొదటి రోజు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, అది మీ కళ్ళ ముందే మింగాలి. మూడో రోజు మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు, అంటే నాలుగు మాత్రలు, నాలుక కిందో, రెండు బుగ్గల్లో రెండేసి చొప్పునో అరగంట ఉంచుకుని మిగిలింది మింగేయాలి. షాపు కిట్ కొన్నవాళ్ళు ఐదూ ఒకేసారి మింగేస్తారు, అక్కడే చెడుతుంది. మూడో రోజు ఎప్పుడు పడాలో ఆమెతో కూర్చుని నిర్ణయించండి. సంత రోజు వద్దు, కూలికి వెళ్ళే రోజు వద్దు. పొద్దున్నే వేసుకుంటే నొప్పి, రక్తం ఎక్కువగా ఉండే గంటలు పగలు గడిచిపోతాయి. ఇంట్లో తోడు ఒకరుండాలి. దొడ్డి ఎంత దూరం, రాత్రి వెలుతురు ఉంటుందా అని అడగండి. ఇల్లు మరీ దూరమైతే, వెళ్ళడానికి దారి లేకపోతే ఆ పూట మీ క్లినిక్‌లోనే మంచం మీద ఉంచుకోండి. నేను చాలామందిని అలాగే ఉంచుకున్నాను. నొప్పికి ఐబుప్రొఫెన్ ముందే ఇవ్వండి, నొప్పి మొదలై కేకలు పెట్టేదాకా ఆగకండి. చలి, వణుకు, కొంచెం జ్వరం, విరేచనాలు ఆ రోజుకి వస్తాయి, పోతాయి అని ముందే చెప్తే టెన్షన్ పడరు.

రక్తం ఎంత పోతే ఫోన్ చేయాలి? పుస్తకంలో ఉన్నది ఇది: వరుసగా రెండు గంటలు, గంటకి రెండేసి పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతే. కానీ గుడ్డ వాడే మనిషికి ఈ లెక్క ఎలా అర్థమవుతుంది? అందుకే నేను ప్యాడ్ల కట్ట ఒకటి చేతికిచ్చి, ఒకదాన్ని నీళ్ళతో తడిపి చూపించి, ‘ఇలా నిండినవి ఇన్ని’ అని చెప్పేదాన్ని. దుర్వాసన, ఒక రోజు దాటినా తగ్గని జ్వరం, కళ్ళు చీకట్లు కమ్మడం, మాత్రలు వేసుకున్న మర్నాటికి కూడా అసలు రక్తమే కనపడకపోవడం, ఇందులో ఏది జరిగినా ఫోన్. ఆ ఫోన్ ఎత్తాల్సింది మీరు. ఈ పని మొదలుపెట్టాక మీ ఫోను రాత్రిళ్ళు సైలెంట్‌లో పెట్టే వీలు లేదు. మీరు ఊళ్ళో లేనప్పుడు ఎవరు ఎత్తుతారో ముందే అనుకుని, అది కుదరని వారంలో ఎవరికీ మాత్ర ఇవ్వకండి.

మీ సవర పేషెంట్ల సంగతి. భర్తనో, పక్కింటామెనో దుబాసీగా కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పించకండి. ఆమెని ఒంటరిగా ఐదు నిమిషాలైనా అడగాలి, ఇది నీ ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని. ఆశా కార్యకర్త చేత చెప్పించొచ్చు అనిపిస్తుంది, కానీ ఆమె అదే ఊరి మనిషి కావచ్చు. మీ క్లినిక్‌లో సవర మాట్లాడే అమ్మాయిని ఒకరిని పనిలో పెట్టుకుని నేర్పించండి. జీతం దండగ కాదు. స్టెతస్కోపు లాగే ఆ భాష కూడా మీ పనిముట్టు.

పదిహేనో రోజు ఆమె రావాలి. చాలామంది రారు, రక్తం ఆగిపోయింది కదా అనుకుంటారు. అందుకే మొదటి రోజే ఆ తేదీని ఆమె సంత రోజుకి కలిపి చెప్పండి. సక్రమంగా ఎంచుకున్నవాళ్ళలో నూటికి 95 మందికి పైగా మాత్రలతోనే పూర్తవుతుంది. మిగతావాళ్ళ కోసమే ఆ పదిహేనో రోజు. గర్భం అలాగే కొనసాగుతుంటే వదిలేయకూడదు, మిసోప్రోస్టాల్ వల్ల బిడ్డకి లోపాలు రావచ్చు కాబట్టి తీయించుకోమని చెప్పాలి. ఈ మాట మొదటి రోజే ఆమె చెవిన పడాలి. అలాగే, మూత్రం పరీక్షలో నాలుగు వారాల దాకా రెండు గీతలు కనపడొచ్చు, దాన్ని చూసి కంగారు పడొద్దు. స్కాన్‌లో ‘కొంచెం మిగిలింది’ అని రాయగానే క్యూరెటింగ్‌కి, అంటే గర్భసంచి గీకి శుభ్రం చేయడానికి పరిగెత్తించొద్దు. మనిషి బాగుండి, రక్తం తగ్గుతూ వస్తుంటే ఆగొచ్చు. అక్కర్లేని క్యూరెటింగ్‌లు నేను చాలా చూశాను, ప్రతిసారీ బాధ కలిగింది. తీయాల్సి వస్తే వాక్యూమ్ పద్ధతి అడగండి, పాత గీకుడు పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది.

మళ్ళీ గర్భం రాకుండా ఏం వాడాలన్న మాట కూడా మొదటి రోజే. మిఫెప్రిస్టోన్ వేసుకున్న ఎనిమిది, పది రోజులకే అండం విడుదల కావచ్చు. గర్భనిరోధక మాత్రలు, మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షను వెంటనే మొదలుపెట్టొచ్చు. ‘ఛాయా’ అనే హార్మోను లేని గర్భనిరోధక మాత్ర ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కాపర్ టీ మాత్రం అంతా పూర్తయిందని తేలాక. అయితే ‘ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే కిట్ ఇస్తా’ అనే బేరం పెట్టకండి. కొన్నిచోట్ల అది మామూలైపోయింది. చాలా తప్పు.

మీ మామగారి మాటకి వస్తాను. ఆయన ఉద్దేశం చెడ్డదని నేననను, చీటీ ఉంటే చట్టం ప్రకారమే అమ్ముతున్నానని ఆయన అనుకుంటారు. కానీ మీరు చీటీ రాసి పక్క కౌంటరుకి పంపిస్తే, మీకు మిగిలేది ఆ చీటీ ఒక్కటే. ఆమె ఎప్పుడు వేసుకుందో, ఎలా వేసుకుందో తెలియదు. అదే చీటీ రేపు ఆమె చెల్లెలి చేతిలో ఉంటుంది. కిట్ మీ గదిలో, మీ చేతి మీదుగానే వెళ్ళాలి. షాపులో చీటీ లేకుండా ఒక్క కిట్ కూడా కదలకూడదని ఆయన దగ్గర గట్టిగా నిలబడండి. ‘మామయ్యగారూ, తేడా వస్తే ముందు మన షాపు లైసెన్సు పోతుంది’ అంటే ఆయనకి వెంటనే అర్థమవుతుంది. ఊళ్ళో మిగతా షాపుల వాళ్ళతో కూడా ఒకసారి కూర్చుని టీ తాగండి. ‘ఎవరైనా కిట్ అడిగితే నా దగ్గరికి పంపండి, కోప్పడను, తిట్టను’ అని చెప్పండి. నలుగురికి చెప్తే ఒక్కరు పంపినా మేలే.

అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. నాకూ పేరు పెట్టారు. కొన్నాళ్ళు కొందరు మా ఇంటి పేరంటాలకి రావడం తగ్గించారు, అది నొప్పించింది. కానీ అదే ఇళ్ళ నుంచి రాత్రిపూట కొంగు తల మీదికి లాక్కుని వచ్చినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళెవరో మా అత్తగారికి నేను ఎప్పుడూ చెప్పలేదు. మీరు గర్భిణులకీ అదే గదిలో చెకప్ చేయండి, అదే బెంచీ మీద కూర్చోబెట్టండి. దీనికి వేరే రోజు, వేరే గుమ్మం పెట్టకండి. అన్ని పనుల్లో ఇదొక పని అయినప్పుడు ఆ పేరు మీకు అంటదు. ఒకవేళ మీకే మనసొప్పక ఈ పని చేయలేననిపిస్తే, అది మీ హక్కు. అప్పుడు కూడా ఎక్కడికి వెళ్ళాలో, ఎవర్ని కలవాలో, ఏ రోజు ఆ డాక్టరు ఉంటారో కనుక్కుని, ముందుగా ఫోన్ చేసి, తేదీ దాటకుండా పంపండి. ‘బరంపురం వెళ్ళండమ్మా’ అన్న ఒక్క ముక్క చాలదు.

చివరిగా ఆ హిమోగ్లోబిన్ 5 ఆమె. రక్తం ఎక్కించి పంపేశారు కదా అని వదిలేయకండి. ఆమె ఇంటికి కబురు పంపొద్దు, విషయం బయటపడుతుంది. సంతకి వచ్చినప్పుడు మీ దగ్గరికి రాకుండా ఉండదు, లేదా చంటిపిల్లకి జ్వరమని వస్తుంది. వచ్చినప్పుడు లోపలికి పిలిచి, హిమోగ్లోబిన్ మళ్ళీ చూసి, ఐరన్ మాత్రలు మూడు నెలలకి సరిపడా ఇవ్వండి. ముట్టు మళ్ళీ వచ్చిందా అడగండి. ఈసారి ఏం వాడాలనుకుంటోందో అడగండి. ఆ రోజు మీరు ఎందుకు పంపేశారో కూడా చెప్పండి, ఆమెకి తెలియాలి. చీటీ రాసి పంపిన ఆమెకి నేను ఆ మాట చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.